హైదరాబాదు పేరు గల విమానం, కాన్పూరులో బతికిన విమానాలు

లండనులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనవడి పోరు పడలేక, ఆ నగరానికి ఉత్తరపు కొసన ఉన్న హెండన్ అనే చోటికి వెళ్ళవలసి వచ్చింది. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్సు వారి మ్యూజియం అక్కడ ఉన్నది. జీవితమంతా పిల్లలకు ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బతికిన నాకు విమానాల మీద ప్రత్యేకించి ఆసక్తి ఏమీ లేదు. పుష్పకం తప్ప మరొక విమానాన్ని గురించి నేను పాఠం చెప్పి ఎరుగను. వాడు ముందు, నేను వెనుకగా నడుస్తూ ఉండగా, ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న ఒక పాతకాలపు విమానం దగ్గర వాడు ఆగిపోయి, "తాతయ్యా, దీని మీద హైదరాబాద్ అని రాసి ఉంది!" అన్నాడు.

నమ్మలేదు. కళ్ళజోడు సవరించుకొని చూశాను. నిజమే. నైజాము ప్రభువు బహూకరించినదనీ, హైదరాబాదు 12-ఎ అనీ ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి ఉన్నది. మాది నల్లగొండ జిల్లా. మా తాతగారు నైజాము సర్కారుకు హాలీ సిక్కాలలో శిస్తు కట్టిన రైతు. ఆ అక్షరాల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు కాని, మనవడు తక్కిన విమానాలన్నీ చూసి తిరిగివచ్చేదాకా అక్కడే ఉన్నాను. తరువాత కొన్ని నెలలపాటు ఈ విమానం కథను, దానితో పాటు మన దేశంతో సంబంధమున్న మరికొన్ని పాత విమానాల కథలను దొరికినంత మేరకు చదివాను. చదివినది పాఠక మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఆ విమానం పేరు డి.హెచ్.9ఎ. దాని గుర్తింపు సంఖ్య ఎఫ్1010. మొదటి ప్రపంచయుద్ధం చివరి సంవత్సరమైన 1918లో ఇంగ్లండులోని యోవిల్ పట్టణంలో వెస్ట్‌లాండ్ కర్మాగారం వారు దీనిని నిర్మించారు. ఇద్దరు మనుషులు కూర్చునే బాంబరు విమానం. ముందు విమానచోదకుడు, వెనుక తుపాకి పట్టుకొన్న పరిశీలకుడు. నాలుగు వందల అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజను. ఈ రకం విమానాలతో మొట్టమొదట యుద్ధానికి వెళ్ళిన దళం రాయల్ ఎయిర్‌ఫోర్సు 110వ స్క్వాడ్రను. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సు చేరింది. ఆ స్క్వాడ్రనుకు మొదట సమకూర్చిన విమానాలన్నీ ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన కానుకలే. అందుకే దానికి 'హైదరాబాదు స్క్వాడ్రను' అని పేరు. ఒక్కొక్క విమానం మీద దాత పేరు, వరుస సంఖ్య వ్రాయించారు. గుడికి గంట ఇచ్చినవారు గంట మీద పేరు చెక్కించుకొన్నట్లే.

పన్నెండు పక్కన ఆ 'ఎ' ఎందుకు వచ్చింది? నా ఊహ ఇది. పన్నెండవ నంబరుది ముందే నష్టమై ఉంటుంది. దాని స్థానంలో వచ్చినదానికి అదే సంఖ్యను ఇచ్చి, తేడా తెలియడానికి అక్షరం చేర్చి ఉంటారు. ప్రతి పోతే ప్రతికి ప్రతి వ్రాయించడం మనకు తెలియనిది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ 1918వ సంవత్సరం మన ప్రాంతాలకు మంచి సంవత్సరం కాదు. వానలు లేవు. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. ఆ ఏడాది మొదట్లోనే నిజాముకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అనే ప్రత్యేక బిరుదు లభించింది. సంస్థానాధిపతులలో మరెవరికీ ఆ బిరుదు లేదు. 'బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అన్న గౌరవమూ దక్కింది. విమానాల సొమ్ము సర్ఫేఖాసు నుంచి వచ్చినా, దివానీ ఖజానా నుంచి వచ్చినా దాని మూలం భూమి శిస్తే. ఎఫ్1010లో మా తాతగారి రూపాయి ఒకటి ఉండవచ్చునని నేను అనుకొంటే అది కేవలం కవిసమయం కాదు.

1918 అక్టోబరు 5వ తేదీన ఈ విమానం జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్, పిర్మాసెన్స్ పట్టణాల మీద బాంబులు వేయడానికి వెళ్ళింది. తిరిగిరాలేదు. శత్రుభూభాగంలో దిగవలసి వచ్చింది. అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, ఆయన సహచరుడు బాడ్లీ ప్రాణాలతో జర్మనులకు ఖైదీలుగా చిక్కారు. మరి అయిదు వారాలకు యుద్ధం ముగిసింది. మనుషులు ఇళ్ళకు వెళ్ళిపోయారు. విమానం మాత్రం ఖైదులోనే ఉండిపోయింది.

ఎంతకాలం? దాదాపు అరవై సంవత్సరాలు. ఈ భాగమే నన్ను ఎక్కువగా ఆకర్షించింది. 1936లో బెర్లిన్‌లో జర్మనులు ఒక పెద్ద వైమానిక మ్యూజియం తెరిచారు. అందులో ఎఫ్1010ని యుద్ధంలో పట్టుబడ్డ వస్తువుగా ప్రదర్శించారు. రెండవ ప్రపంచయుద్ధంలో 1943లో బ్రిటిష్ బాంబర్లు బెర్లిన్ మీద దాడి చేసినప్పుడు ఆ మ్యూజియం దెబ్బతిన్నది. బాంబులు వేయడానికి పుట్టిన విమానం మీద, స్వదేశపు విమానాలే బాంబులు వేశాయన్నమాట. మిగిలిన వస్తువులలో కొన్నింటిని జర్మనులు తూర్పు దిక్కుకు, క్షేమమని తోచిన చోటుకు తరలించారు. యుద్ధం ముగిసి సరిహద్దులు మారాక ఆ చోటు పోలండులోకి వచ్చింది. అలా హైదరాబాదు విమానం పోలండు పౌరసత్వం పొంది, చివరకు క్రాకోవ్ నగరపు వైమానిక మ్యూజియం చేరింది. అప్పటికి దానికి రెక్కలు లేవు. మొండెము మాత్రమే మిగిలింది.

1977లో బ్రిటిష్ వారు, పోలిష్ వారు ఒక మారకానికి ఒప్పుకొన్నారు. క్రాకోవ్ నుంచి డి.హెచ్.9ఎ లండనుకు రావాలి. లండను నుంచి ఒక స్పిట్‌ఫైర్ క్రాకోవ్‌కు వెళ్ళాలి. ఈ బేరంలో ఇరుపక్షాలకూ న్యాయం జరిగిందనే అంటాను. రెండవ యుద్ధంలో దేశం కోల్పోయిన పోలిష్ పైలట్లు ఇంగ్లండు చేరి స్పిట్‌ఫైర్లు నడిపారు. వారి దేశానికి ఆ విమానం ఒక జ్ఞాపకం. బ్రిటిష్ వారికేమో, వందలకొలది నిర్మించిన డి.హెచ్.9ఎ రకంలో మిగిలినది ఇది ఒక్కటే. స్పిట్‌ఫైర్లు ఇంకా ఉన్నాయి. రెక్కలు కొత్తగా చేయించి, మొండేనికి అతికించి, 1983 నుంచి హెండన్‌లో ప్రదర్శిస్తున్నారు.

ఈ వ్యవహారం మొత్తంలో హైదరాబాదు ఊసు ఎవరికీ రాలేదు. రావలసిన అవసరమూ లేదేమో. దానమిచ్చిన వస్తువు మీద దాతకు హక్కు ఉండదని ధర్మశాస్త్రం. అయినా ఆ అక్షరాలను చెరిపివేయకుండా, జర్మనులు గాని పోలిష్ వారు గాని బ్రిటిష్ వారు గాని వాటికి విలువ ఇచ్చి ఉంచారు. దానికి సంతోషించాలి.

నిజాము కానుకలు అంతటితో ఆగలేదు. రెండవ యుద్ధంలో 152వ స్క్వాడ్రనుకు, 253వ స్క్వాడ్రనుకు కూడ హైదరాబాదు పేరు వచ్చింది. 152వ స్క్వాడ్రను చిహ్నంలో నిజాము తలపాగా ఉంటుంది. ఆ దళం బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడి, తరువాత బర్మా రంగానికి వచ్చింది. పాత 110వ స్క్వాడ్రను సంగతి మరీ విశేషం. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మరునాడే, జర్మను నౌకల మీద బ్రిటిష్ వారు జరిపిన తొలి బాంబు దాడిలో అది పాల్గొన్నది.

ఇంతమందికి విమానాలు పంచిన నిజాముకు 1948లో చెప్పుకోదగిన వాయుసేన లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశపు వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలలో రాత్రివేళ దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలలో దించేవాడు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైనప్పుడు భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు ఆ విమానాశ్రయాల మీదనే దాడి చేశాయి. అయిదు రోజులలో అంతా ముగిసింది. 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' కోసం బ్రిటన్ నుంచి ఒక్క విమానమూ రాలేదు.

ఎఫ్1010 కథ చదువుతున్నప్పుడు ఒక సందేహం నన్ను వదలలేదు. రెక్కలు కొత్తవైతే అది పాత విమానమేనా? మిత్రుడు ఒకాయనతో ఈ మాట అంటే, "గొడ్డలికి పిడి మూడుసార్లు మార్చి, కంటె రెండుసార్లు మార్చి, ఇది మా తాతగారి గొడ్డలి అన్నట్టుంది" అని నవ్వాడు. నేను అంత సులభంగా నవ్వలేను. తాళపత్ర గ్రంథాలతో కొంత పరిచయం ఉన్నవాడిని. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకొని ప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి, పరిష్కరింపజేశాడు. చిమ్మటలు తిన్న చోట మరొక ప్రతి నుంచి పాఠం తెచ్చి పూరించారు. అంతమాత్రాన ఆ కావ్యం ఆ కవిది కాకుండా పోయిందా? అయితే మంచి పరిష్కర్త ఎక్కడ పూరించాడో చెబుతాడు. చెప్పనివాడు మోసగాడు. విమానాలను వెదకి పట్టుకొనే ఔత్సాహికులకు కూడ ఇదే నీతి ఉన్నదని చదివి ఆశ్చర్యపోయాను. ఏ విమానం ఏ కర్మాగారంలో ఏ సంఖ్యతో పుట్టింది, ఏ దళంలో ఎవరు నడిపారు, ఎప్పుడు రంగు మార్చారు, ఏ భాగం అసలుది, ఏది అతుకు, అన్నీ వారు వ్రాసిపెట్టుకొంటారు. లోపల ఎక్కడో కొట్టిన చిన్న లోహపు పలక వారికి గ్రంథాంతపు గద్య వంటిది. దానిని బట్టే కర్తృత్వ నిర్ణయం.

ఇలాంటి వారి కన్ను ఎక్కడెక్కడ పడుతుందో చెప్పడానికి బికనేరు ఉదంతం చాలు. మొదటి యుద్ధం ముగిశాక బ్రిటన్ దగ్గర విమానాలు అక్కరకు మించి మిగిలిపోయాయి. భారతదేశానికి నూరు విమానాలను కానుకగా పంపారు. వాటిలో కొన్ని డి.హెచ్.9 రకంవి బికనేరు మహారాజు గంగాసింగ్‌కు దక్కాయి. మన హైదరాబాదు విమానానికి అన్నగారి రకం ఇది. ఆ తరువాత వాటిని అందరూ మరచిపోయారు. 1990లలో జూనాగఢ్ కోటలో, ఏనుగుల సాలలో, అంబారీల సామగ్రి నడుమ వాటి శిథిలాలు బయటపడ్డాయి. కొయ్యభాగాలను చెదలు చాలవరకు తినివేశాయి. బ్రిటన్ నుంచి వచ్చిన పునరుద్ధారకులు రెండింటిని కొనుక్కొని తీసుకొనిపోయారు. ఒకటి బికనేరులోనే ప్రదర్శనకు ఉన్నది. వెళ్ళిన రెండింటిలో ఒకటి 2007 నుంచి డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉండగా, రెండవది 2019లో మళ్ళీ గాలిలోకి లేచింది. ఏనుగుల సాల నుంచి ఆకాశానికి! ఇంద్రుని వజ్రాయుధం తగలక మునుపు పర్వతాలకు రెక్కలున్నాయంటారు గదా. ఏనుగులకు కూడ ఉండేవని పాలకాప్యుని గజశాస్త్రం చెబుతుంది. ఆ కథ గుర్తుకు వచ్చింది.

ఇక ముఖ్యమైన కథ కాన్పూరుది. దానిని చదువుతున్నప్పుడు నాకు నిజంగా గర్వం కలిగింది. అందుకే కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

లిబరేటర్ అని రెండవ ప్రపంచయుద్ధపు అమెరికన్ బాంబరు. అసలు పేరు బి-24. నాలుగు ఇంజనులు, నూటపది అడుగుల రెక్కలు, వెనుక రెండు తోకలు. 1939 డిసెంబరులో మొదట ఎగిరింది. యుద్ధం ముగిసేలోగా పద్ధెనిమిది వేలకు పైగా నిర్మించారు. మోటారుకార్ల ఫోర్డు కంపెనీ ఒక దశలో గంటకొక లిబరేటరును తయారు చేసిందంటే ఆ వేగాన్ని ఊహించుకోవచ్చు. బ్రిటిష్ వారు వాటిని అమెరికా నుంచి 'లెండ్-లీజ్' అనే ఒప్పందం క్రింద ఎరువు తెచ్చుకొని, బర్మాలో జపాను సేనల మీద ప్రయోగించారు. స్థావరాలు చాలావరకు మన దేశంలోనివే.

1945లో యుద్ధం ముగిసింది. ఎరువు తెచ్చిన వస్తువును తిరిగి ఇవ్వాలి, లేదా వెల కట్టాలి, లేదా నాశనం చేయాలి. ఇదీ ఒప్పందం. తిరిగి తీసుకోవడానికి అమెరికాకు అక్కర లేదు. వెల కట్టడానికి బ్రిటనుకు శక్తి లేదు. కనుక మూడవ మార్గమే మిగిలింది. రాముడు అయోధ్య చేరగానే పుష్పకాన్ని దాని యజమాని అయిన కుబేరునికి పంపివేశాడని రామాయణం. కుబేరుడే వద్దంటే ఏమి చేసేవాడో వాల్మీకి చెప్పలేదు.

అలా సుమారు నూరు లిబరేటర్లను కాన్పూరు దగ్గరి చకేరీ విమానాశ్రయంలో పోగుచేసి, మళ్ళీ ఎగరకుండా పాడుచేశారు. ఎలా పాడుచేశారనే విషయమై కథలు పలువిధాలు. నడుస్తున్న ఇంజనులలో ఇసుక పోశారని కొందరు, గునపాలతో రేకులు పొడిచారని కొందరు, పైకెత్తి క్రింద పడవేశారని కొందరు వ్రాశారు. ఏది ఎంత నిజమైనా, వాటిని అక్కడ వదిలిపెట్టి పోయినవారికి అవి ఇక చెత్త.

స్వతంత్ర భారతానికి అప్పుడు బరువైన బాంబరు విమానం ఒక్కటీ లేదు. కాశ్మీరు యుద్ధంలో సరుకులు మోసే డకోటా విమానాల తలుపుల నుంచి చేతులతో బాంబులు దొర్లించి క్రిందికి తోసిన రోజులవి. కొత్తవి కొనడానికి డబ్బు లేదు, అమ్మేవారికి మనసు లేదు. అప్పుడు కాన్పూరు చెత్త గుర్తుకు వచ్చింది. విదేశీ నిపుణులు వాటిని బాగుచేయడం అసాధ్యమన్నారని అంటారు. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వారు మాత్రం చూస్తామన్నారు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సహాయంతో స్థాపించిన సంస్థ అది. యుద్ధకాలంలో అమెరికా సైన్యం తన విమానాల మరమ్మతులకు ఆ కర్మాగారాన్ని వాడుకొన్నది. కనుక అమెరికన్ విమానాల లోపలి సంగతులు అక్కడి పనివారి చేతులకు తెలుసు. విద్య పుస్తకంలో కాక చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో ఇక్కడ చూడవచ్చు.

వారు కాన్పూరు వెళ్ళారు. శిథిలాలన్నీ పరిశీలించి, కొంత మెరుగ్గా ఉన్నవి ఏరుకొన్నారు. ఒకదాని ఇంజను, మరొకదాని తోక, ఇంకొకదాని చక్రం, ఇలా ఒకదాని అవయవాలు మరొకదానికి అమర్చి, ఒక్క ప్రయాణానికి సరిపడేటంతగా బాగుచేశారు. బెంగుళూరు చేరితే చాలు, అసలు వైద్యం అక్కడ. కాన్పూరు నుంచి బెంగుళూరు ఆకాశమార్గాన దాదాపు వెయ్యి మైళ్ళు. ఆ సంస్థ పరీక్షా వైమానికుడు జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా నడుపుకొంటూ తీసుకువెళ్ళాడు. ఆయనకు అంతకు ముందు లిబరేటరు నడిపిన అనుభవం లేదని, పుస్తకం చదివి నేర్చుకొన్నాడని చెబుతారు. పాడుచేసి పారవేసిన విమానంలో, ఎవరిదో తోక, ఎవరివో రెక్కలు పెట్టుకొని వెయ్యి మైళ్ళు! ఒకసారి కాదు, సుమారు నలభైసార్లు. సాహసమన్న మాట మనం చాలా తేలికగా వాడుతున్నామనిపిస్తుంది.

1948 నవంబరు 2న, హైదరాబాదు పోలీసు చర్య జరిగిన ఏడు వారాలకు, ఈ విమానాలతో భారత వాయుసేన 5వ స్క్వాడ్రను ఏర్పడింది. స్థలం కాన్పూరే. ఆ దళానికి 'టస్కర్స్' అని పేరు. అంటే దంతాలున్న ఏనుగులు. 1951లో 6వ స్క్వాడ్రనుకు కూడ లిబరేటర్లు వచ్చాయి. ఆ దళం పూనా నుంచి సముద్రాలపై నిఘా పని చూసింది. 1957లో 5వ స్క్వాడ్రనుకు జెట్ యుగపు కాన్‌బెర్రాలు వచ్చినా, సముద్రం మీద లిబరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటికి చివరి సెలవు 1968లో. పుట్టినచోట యుద్ధం ముగియగానే చంపివేసిన జాతి మన దగ్గర మరి ఇరవై సంవత్సరాలు బతికింది.

అక్కడ, అంటే అమెరికాలో, ఏమి జరిగింది? ఆరిజోనా ఎడారిలో కింగ్‌మన్ అనే చోట వేలాది బాంబర్లను వరుసలుగా నిలిపి, ముక్కలు కోసి, కొలుములలో కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా అమ్ముకొన్నారు. 1960లు వచ్చేసరికి, మా నాన్న నడిపిన విమానం, మా అన్న చనిపోయిన విమానం చూడాలని వెదికిన అమెరికన్లకు తమ దేశంలో లిబరేటర్లు వ్రేళ్ళ మీద లెక్కించేటన్ని కూడ కనబడలేదు. పూనాలో మాత్రం ఎగురుతున్నాయి! సంపన్నుడు పారవేసినదానిని పేదవాడు కుట్టుకొని వాడుకొంటూ ఉండగా, సంపన్నుడి మనవడు వచ్చి దానిని అపురూపంగా అడిగి తీసుకువెళ్ళినట్లయింది. ప్రపంచంలో నేడు మిగిలిన లిబరేటర్లలో దాదాపు సగం మన వాయుసేన నుంచి వెళ్ళినవే.

అవి ఆరు. ఒకటి ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉన్నది. ఒకటి 1968లో కెనడాకు వెళ్ళింది, ఒటావాలో ఉన్నది. దానికి మారుగా వచ్చిన లైశాండర్ అనే చిన్న విమానం పాలంలో ఉన్నది. 1942లో బర్మాలో మన వాయుసేన మొదటి స్క్వాడ్రను నడిపిన రకం అది. ఈ మారకం నాకు నచ్చింది, ఎవరి జ్ఞాపకం వారికి చేరింది. మరొకటి 1969లో ఆరిజోనాలోని టూసాన్‌కు వెళ్ళింది. తన తోబుట్టువులను కరిగించిన రాష్ట్రానికే చేరిందన్నమాట. 1973లో డేవిడ్ టాలిషే అనే సంపన్న అమెరికన్ సేకర్త ఒకదానిని ఇంగ్లండు మీదుగా ఎగిరించుకొని పోగా, అది చేతులు మారి ఫ్లారిడాలో కెర్మిట్ వీక్స్ సేకరణలో చేరింది.

అయిదవది 1974లో మన వాయుసేన బ్రిటనుకు బహూకరించినది. 2005 నుంచి హెండన్‌లో ఉన్నది. అవును, నేను నిలబడిన ఆ హెండన్‌లోనే. హైదరాబాదు విమానాన్ని చూస్తూ ఉండిపోయి, అదే ఆవరణలో ఉన్న దీనిని ఆనాడు నేను పట్టించుకోలేదు. ఇంటికి వచ్చి చదివాక తెలిసి నొచ్చుకొన్నాను. దానికి మూడు సంఖ్యలు. అమెరికాలో పుట్టినప్పుడు 44-50206, బ్రిటిష్ కొలువులో కె.ఎన్.751, భారతీయ కొలువులో హెచ్.ఇ.807. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, మారు మనువు పేరు. 1945లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల నుంచి 99వ స్క్వాడ్రనులో పనిచేసింది. మూడు సంఖ్యలు ఒకే విమానానివని తేల్చినవారు ఎంత కాగితం తిరగవేసి ఉంటారో, పాఠాంతరాలు పోల్చినవారికి చెప్పనక్కరలేదు.

ఆరవదాని కథ అన్నిటికన్నా పెద్దది. అది మన దేశంలోనే చాలా కాలం పడి ఉండగా, 1980లలో ఒక బ్రిటిష్ సేకర్త కొని, విడదీసి, తన దేశానికి తరలించాడు. 1984లో అమెరికాకు చెందిన కాలింగ్స్ ఫౌండేషన్ వారు దానిని తీసుకొన్నారు. మొదట ప్రదర్శనకు మాత్రమే సిద్ధం చేయాలనుకొన్నారట. లిబరేటర్లలో పనిచేసిన వృద్ధ సైనికులు, "మాలో చాలామంది మ్యూజియాలకు రాలేరు. విమానమే మా ఊళ్ళకు రావాలి" అని పట్టుబట్టారు. వేల గంటల శ్రమతో దానిని బాగుచేసి 1989లో ఎగిరించారు. ఆనాటి నుంచి ఊరూరా తిరిగి, వృద్ధులను, వారి పిల్లలను ఎక్కించుకొన్నది. చివరకు దానికి స్థిరపడిన పేరు 'విచ్‌క్రాఫ్ట్', అంటే మంత్రవిద్య. కాన్పూరులో చచ్చి బతికినదానికి ఆ పేరు తగినదే.

ఈ ఊరేగింపు శాశ్వతం కాలేదు. 2019 అక్టోబరు 2న అదే సంస్థకు చెందిన మరొక పాత బాంబరు, బి-17 రకంది, కనెక్టికట్ రాష్ట్రంలో కూలి ఏడుగురు మరణించారు. 2020 మార్చిలో అమెరికా విమానయాన అధికారులు ఆ సంస్థ ప్రయాణికులను ఎక్కించుకొనే అనుమతిని రద్దు చేశారు.

పాత విమానాలను ఎగరనివ్వాలా, కదలకుండా భద్రపరచాలా అన్నది ఈ రంగంలో ఎడతెగని వాదం. ఎగిరితేనే అది విమానం, లేకుంటే బొమ్మ, అంటారు ఒక పక్షం వారు. కూలితే మనుషులతో పాటు చరిత్ర కూడ పోతుందంటారు మరొక పక్షం వారు. నా మాట అడిగితే, తాళపత్రాన్ని రోజూ విప్పి పారాయణ చేయమనను. పారాయణకు అచ్చుపుస్తకం ఉన్నది. అయితే ఆ వృద్ధ సైనికులలో ఒకడు అరవై ఏళ్ళ తరువాత అదే ఇంజను చప్పుడు వింటూ కన్నీరు పెట్టుకొన్నప్పుడు ఎదుట నిలబడి ఈ మాట చెప్పగలనా అంటే, చెప్పలేను.

మన దేశపు సంగతి కొంత చెప్పాలి. ఉన్నవన్నీ ఇచ్చివేశామన్న ఆరోపణ ఒకటి వింటూ ఉంటాము. ఇచ్చినందువల్లనే ఆ అయిదు మిగిలాయి. సుమారు నలభై విమానాలలో ఇవ్వక ఉంచుకొన్నవి, పాలంలోని ఒక్కటి తప్ప, ఏమయ్యాయి? పాత ఇనుము వర్తకుల దగ్గరకే చేరి ఉంటాయి. పాలం మ్యూజియంలో మరొక అపురూపం ఉన్నది. 1933లో భారత వాయుసేన మొట్టమొదటి దళానికి ఇచ్చిన వాపిటి రకం విమానం. ఆ రకంలో ప్రపంచంలో మిగిలినది అదొక్కటే. హెండన్ వారి దగ్గర కూడ లేదు. ఢిల్లీ వెళ్ళే తెలుగువారు ఎర్రకోట, కుతుబ్ మినారు చూసి వస్తారు గాని పాలం వెళ్ళినవారిని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ వెళ్ళలేదు.

లిబరేటర్ల వంశం ఎక్కడ ఆగిందో చూద్దామని ఒక చివరి వెదుకులాట చేశాను. 6వ స్క్వాడ్రనులో వాటి తరువాత సముద్ర నిఘాకు వచ్చినవి సూపర్ కాన్‌స్టెలేషన్లు. అవి అంతకు ముందు ఎయిరిండియాలో ప్రయాణికులను మోసినవి. 1976లో ఆ పనినీ ఆ విమానాలనూ నౌకాదళం తీసుకొన్నది. వాటిలో ఒకటి గోవాలోని నౌకాదళ వైమానిక మ్యూజియంలో ఉన్నది. 1988లో ఆ బాధ్యత రష్యా నుంచి వచ్చిన టి.యు.-142 విమానాలకు చేరింది. అవి 2017లో విశ్రమించగా, ఒకదానిని విశాఖపట్నం తెచ్చి, రామకృష్ణా బీచి దగ్గర, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా మ్యూజియంగా నిలిపారు. ఆ ఏడాది డిసెంబరులో అది ప్రారంభమైంది.

విశాఖలో మా తమ్ముడి కొడుకు ఉంటాడు. సంక్రాంతికి వాడింటికి వెళ్ళినప్పుడు మనవడిని కూడ వెంటబెట్టుకొని పోయాను. పిల్లవాడు టిక్కెట్టు తీసుకొని గబగబా మెట్లెక్కి లోపలికి పోయాడు. నేను క్రింద నిలబడి, అలవాటు కొద్దీ, దాని ఒంటి మీద ఏ సంఖ్య వ్రాసి ఉన్నదో వెదుకుతూ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను.